గుర్రాలకు వెస్ట్ నైల్ టీకా

వెస్ట్ నైల్ వైరస్ వల్ల గుర్రాలకు వచ్చే మెదడువాపు, వెన్నుపాము వాపు రాకుండా కాపాడే టీకా ఇది. అమెరికా వ్యవసాయ శాఖ 2001 ఆగస్టులో దీనికి మొదటిసారి షరతులతో కూడిన లైసెన్సు ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందు దాకా ఈ వైరస్‌ను ఆ ఖండంలో ఎవరూ చూడలేదు. ఇప్పుడు అక్కడి గుర్రపు వైద్యుల సంఘం ప్రతి గుర్రానికీ తప్పకుండా వేయించాలని చెప్పే టీకాల్లో ఇదొకటి. ధనుర్వాతం, రేబిస్, గుర్రాలకు వచ్చే తూర్పు రకం, పడమటి రకం మెదడువాపుల టీకాలు ఆ జాబితాలో మిగిలినవి.

వైరస్ పెరిగేది పక్షుల్లో. క్యూలెక్స్ జాతి దోమలు దాన్ని ఒక పక్షి నుంచి మరో పక్షికి మోస్తాయి. అదే దోమ గుర్రాన్నో మనిషినో కుడితే వైరస్ లోపలికి వెళ్తుంది, కానీ ఇంకో దోమకు అంటుకునేంతగా ఆ రక్తంలో పెరగలేదు. అక్కడితో దాని ప్రయాణం ఆగిపోతుంది. అందుకే జబ్బుపడిన గుర్రం నుంచి పక్క గుర్రానికి గానీ, దానికి మేత వేసే మనిషికి గానీ ప్రమాదం లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. పక్క దొడ్డిలో వంద గుర్రాలకు టీకా పడినా, పడని గుర్రానికి ఒరిగేదేమీ లేదు. ఊళ్లో ఎక్కువమంది పిల్లలకు తట్టు టీకా పడితే మిగిలినవాళ్లకూ కొంత రక్ష దొరుకుతుంది. ఇక్కడ అలాంటి చాటు లేదు. చెట్ల మీద పక్షులూ నిలవనీళ్లలో దోమలూ ఉన్నంతకాలం వైరస్ ఉంటుంది, కాబట్టి ఏ గుర్రానికి వేసిన సూది ఆ గుర్రానికే.

వైరస్ సోకిన గుర్రాల్లో ఎక్కువ వాటికి ఏమీ కాదు. కొద్ది వాటికి మాత్రం వైరస్ నరాల దాకా వెళ్తుంది. మొదటి గుర్తు తరచుగా మూతి దగ్గర కనిపిస్తుంది. పెదవుల చుట్టూ, ముక్కుపుటాల పక్కన కండరాలు సన్నగా అదురుతుంటాయి. ఆ అదురు మెడకూ భుజానికీ పాకుతుంది. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే గుర్రం చేయి తగిలితే చాలు ఉలిక్కిపడుతుంది. వెనక కాళ్లు తడబడతాయి. నడిపిస్తే గిట్ట ముందు అంచు నేలకు రాసుకుంటుంది, మలుపు తిప్పితే తూలుతుంది. జ్వరం ఉండవచ్చు, లేకపోవచ్చు. ముదిరితే గోడకు ఆనుకుని నిలబడుతుంది, తర్వాత కూలిపోతుంది. అయిదు వందల కిలోల జంతువు పడుకుని లేవలేకపోవడమే ఈ జబ్బులో అన్నిటికన్నా పెద్ద కష్టం. తన బరువుకే కండరాలు నలిగిపోతాయి, ఒంటి మీద పుండ్లు పడతాయి. వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్, వాపు తగ్గించే మందులు, వీలైతే పట్టీలతో పైకెత్తి నిలబెట్టడం, ఇంతవరకే వైద్యం. లక్షణాలు బయటపడిన గుర్రాల్లో దాదాపు మూడింట ఒకటి చనిపోతుంది, లేదా బాధ చూడలేక పశువైద్యుడి చేత ప్రాణం తీయించాల్సి వస్తుంది. బతికిన కొన్నింటికి నడకలో లోపం నెలల తరబడి ఉంటుంది.

వైరస్ పేరు ఉగాండాలోని వెస్ట్ నైల్ జిల్లా నుంచి వచ్చింది. 1937లో ఎల్లో ఫీవర్ మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తలు అక్కడ జ్వరంతో ఉన్న ఒక స్త్రీ రక్తంలో దీన్ని కనుక్కున్నారు. తర్వాత ఆరు దశాబ్దాల పాటు ఆఫ్రికా, పశ్చిమాసియా, దక్షిణ యూరప్‌లలో అప్పుడప్పుడు తలెత్తి అణిగిపోయేది. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లోని కమార్గ్ చిత్తడి నేలల్లో గుర్రాలు దీని బారిన పడ్డాయి. 1998లో ఇటలీలోని టస్కనీలోనూ పడ్డాయి. అయినా టీకా తయారు చేయాలన్న తొందర ఎవరికీ పుట్టలేదు.

1999 ఆగస్టులో న్యూయార్క్ నగరం ఆ తొందర పుట్టించింది.

క్వీన్స్ ప్రాంతంలోని ఫ్లషింగ్ ఆసుపత్రిలో మెదడువాపుతో చేరిన వృద్ధుల కండరాలు అసాధారణంగా చచ్చుబడటం చూసి, అంటువ్యాధుల వైద్యురాలు డెబోరా ఆస్నిస్ నగర ఆరోగ్య శాఖకు కబురు చేశారు. పరీక్షలు చేసినవాళ్లు దీన్ని మొదట సెయింట్ లూయిస్ మెదడువాపు అనుకున్నారు. అదే రోజుల్లో బ్రాంక్స్ జూ చుట్టుపక్కల కాకులు రాలిపోతున్నాయి. జూ లోపల ఫ్లెమింగోలూ నీటికాకులూ చనిపోవడం మొదలైంది. అక్కడి పశు వ్యాధి నిపుణురాలు ట్రేసీ మెక్‌నమారా ఆ పక్షుల మెదళ్లు కోసి చూసి, మనుషుల జబ్బూ పక్షుల జబ్బూ ఒకటేనేమోనని అనుమానించారు. సెయింట్ లూయిస్ వైరస్ పక్షులను చంపదు. గుర్రాల తూర్పు రకం మెదడువాపు అయితే ఈము పక్షులను బతకనివ్వదు, కానీ జూలో ఈములు నిక్షేపంగా ఉన్నాయి. రెండూ కాకపోతే ఇది కొత్తది అయి ఉండాలి. ఆమె పట్టు విడవకుండా నమూనాలను ప్రయోగశాలలకు పంపించారు. సెప్టెంబరు చివరికి అసలు పేరు బయటపడింది. దాని జన్యువులు 1998లో ఇజ్రాయెల్‌లో చనిపోయిన ఒక గూస్ బాతులో దొరికిన వైరస్ జన్యువులతో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. మనుషుల వైద్యులూ పశువుల వైద్యులూ మొదటి వారంలోనే మాట్లాడుకుని ఉంటే ఆ పేరు ఇంకా ముందే తెలిసేది. ఆ ఏడాది న్యూయార్క్ ప్రాంతంలో 62 మందికి తీవ్రంగా జబ్బు చేసింది, ఏడుగురు చనిపోయారు. లాంగ్ ఐలాండ్ తూర్పు కొసన 25 గుర్రాలకు నరాల లక్షణాలు కనిపించాయి, వాటిలో మూడింట ఒక వంతుకు పైగా దక్కలేదు.

మరుసటి ఏడాది అమెరికా మొత్తం మీద 60 గుర్రాలు, 2001లో 700కు పైగా గుర్రాలు జబ్బుపడ్డాయి. వలస పక్షులతో వైరస్ దక్షిణానికీ పడమటికీ దిగుతోందని స్పష్టమైంది. ఫోర్ట్ డాడ్జ్ యానిమల్ హెల్త్ అనే కంపెనీ వైరస్‌ను పెంచి, చంపి, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే పదార్థం కలిపి టీకా చేసింది. హాని లేదని తేలి, పనిచేస్తుందన్న ఆశకు తగిన ఆధారం కనబడితే, పూర్తి రుజువు రాకముందే పశువుల టీకాలకు తాత్కాలిక అనుమతి ఇచ్చే వీలు అమెరికా చట్టంలో ఉంది. 2001 నాటి లైసెన్సు అలాంటిదే. పూర్తి లైసెన్సు 2003లో వచ్చింది. రుజువు కోసం చేసిన ఒక ప్రయోగంలో, రెండో డోసు వేసిన ఏడాది తర్వాత గుర్రాలను వైరస్ ఉన్న దోమల చేత కుట్టించారు. టీకా పడని 11 గుర్రాల్లో 9 గుర్రాల రక్తంలో వైరస్ కనబడింది. టీకా పడిన 19 గుర్రాల్లో ఒక్కదానిలోనే, అదీ కొద్దికాలమే కనబడింది.

2002 భయంకరమైన సంవత్సరం. వైరస్ మధ్య అమెరికా మైదానాలకు చేరింది, ఒక్క ఏడాదిలో దాదాపు 15,000 గుర్రాలు జబ్బుపడ్డాయి. ఈ టీకా తొలిసారి వేసేటప్పుడు కొన్ని వారాల తేడాతో రెండు డోసులు పడాలి, ఆ తర్వాతే పూర్తి రక్షణ. జబ్బు ఊళ్లోకి వచ్చాక వైద్యుడి దగ్గరికి పరిగెత్తినవాళ్లకు ఆ వ్యవధి దొరకలేదు. అయినా కొలరాడో, నెబ్రాస్కాలలో జబ్బుపడిన గుర్రాలను లెక్కించి చూస్తే, ఒక్క డోసైనా పడినవి చనిపోయే అవకాశం పడనివాటితో పోలిస్తే సుమారు సగమే అని తేలింది.

ఆ మరుసటి ఏడాది లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2003లో అమెరికాలో వెస్ట్ నైల్ సోకిన మనుషుల కేసులు 9,862, అంటే 2002 నాటి నాలుగు వేల చిల్లరకు రెట్టింపు కన్నా ఎక్కువ. గుర్రాల కేసులు మాత్రం మూడో వంతుకు, సుమారు అయిదు వేలకు పడిపోయాయి. 2004లో పదిహేను వందల లోపుకు దిగాయి. అవే దోమలు, అవే పక్షులు, అదే వైరస్. అప్పటికే ఒకసారి సోకి తట్టుకున్న గుర్రాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి తగ్గుదల మొత్తాన్నీ టీకా ఖాతాలో వేయలేం. కానీ మనుషుల కేసులు అంతగా పెరిగిన ఏడాదిలోనే గుర్రాల కేసులు తగ్గడంలో టీకా పాత్ర చాలా పెద్దది.

టీకాల్లో రకాలూ త్వరగానే వచ్చాయి. కానరీ పిట్టలకు మశూచి తెచ్చే వైరస్‌లో వెస్ట్ నైల్ జన్యువులను చేర్చి చేసినది ఒకటి. ఆ పిట్టల వైరస్ గుర్రంలో పెరగలేదు, లోపలికి వెళ్లి తాను మోసుకొచ్చిన ప్రోటీన్లను మాత్రం తయారు చేయిస్తుంది. 2006లో వచ్చిన మరో టీకాకు ఎల్లో ఫీవర్ టీకా వైరస్ పునాది, దానికి వెస్ట్ నైల్ పైతొడుగు తొడిగారు. ఎల్లో ఫీవర్‌ను వెతుకుతూ కనుక్కున్న వైరస్‌కు ఎల్లో ఫీవర్ టీకాతోనే అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన బాగానే ఉంది, ఒక్క సూదితో పనైపోవడం సౌకర్యంగానూ ఉంది. అయితే కొన్ని గుర్రాలకు సూది వేసిన వెంటనే తీవ్రమైన అలర్జీ, కడుపునొప్పి వస్తున్నాయని ఫిర్యాదులు పెరగడంతో 2010లో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది.

చరిత్రలో నిలిచిపోయేది డీఎన్‌ఏ టీకా. వైరస్ పైపొర ప్రోటీన్లను తయారు చేసే జన్యువులను ఒక డీఎన్‌ఏ వలయంలో పెట్టి కండలోకి ఎక్కిస్తారు, గుర్రం కణాలే ఆ ప్రోటీన్లను తయారు చేసుకుంటాయి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్తలు ఫోర్ట్ డాడ్జ్‌తో కలిసి రూపొందించిన ఈ టీకాకు 2005 జులైలో లైసెన్సు వచ్చింది. డీఎన్‌ఏ టీకాలకు ప్రపంచంలో దొరికిన తొలి అనుమతుల్లో అది ఒకటి. అంతకు ముందే ఈ పద్ధతితో ఇంకో ప్రాణిని కాపాడారు. అంతరించిపోయే అంచు నుంచి వెనక్కి తెచ్చిన కాలిఫోర్నియా కాండర్ రాబందులకు, వైరస్ ఆ రాష్ట్రాన్ని ముంచెత్తకముందే, 2003లో డీఎన్‌ఏ టీకా వేశారు.

వెస్ట్ నైల్ వైరస్ ప్రయాణం గుర్రం దగ్గర ఆగిపోతుంది, కానీ అన్ని దోమకాటు జబ్బుల్లోనూ అలా కాదు. వెనెజులా మెదడువాపులో లెక్క తిరగబడుతుంది. ఆ వైరస్ గుర్రం రక్తంలో విపరీతంగా పెరుగుతుంది, కుట్టిన దోమలు దాన్ని మనుషులకు మోసుకెళ్తాయి. అక్కడ గుర్రాలకు టీకా వేయడమంటే ఊరికి వేసినట్టే. 1971లో ఈ వ్యాధి మెక్సికో దాటి టెక్సాస్‌లోకి వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి 25 లక్షలకు పైగా గుర్రాలకు టీకా వేయించింది. వాడింది టీసీ-83 అనే టీకా. ట్రినిడాడ్‌లో 1943లో చనిపోయిన ఒక గాడిద మెదడులోని వైరస్‌ను గినీపందుల గుండె కణాల్లో 83 సార్లు పెంచి బలహీనపరచగా వచ్చింది అది. దాని కన్నా ముందు లాటిన్ అమెరికాలో వాడిన టీకాల చరిత్ర వినడానికే బాధగా ఉంటుంది. ఫార్మలిన్‌తో చంపామనుకున్న వైరస్ కొన్ని బ్యాచుల్లో పూర్తిగా చావలేదు. 1938 నుంచి 1970ల తొలినాళ్ల వరకు వచ్చిన అనేక విజృంభణలు ఆ టీకాల నుంచే పుట్టాయని తర్వాత జన్యు పరీక్షలు గట్టిగా సూచించాయి. వెస్ట్ నైల్ వైరస్‌ను చంపి చేసే టీకా ప్రతి బ్యాచిలోనూ ప్రాణమున్న వైరస్ మిగల్లేదని పరీక్షించి చూపించాలన్న నియమం వెనక ఇలాంటి అనుభవాలున్నాయి.

మనుషులకు వెస్ట్ నైల్ టీకా ఇప్పటికీ లైసెన్సు పొందలేదు. కొన్ని టీకాలు మనుషుల మీద తొలి దశల పరీక్షలు దాటాయి. ఆ పైన, వేలమందికి టీకా వేసి, వ్యాధి వచ్చే చోట, వచ్చే ఏడాది వాళ్లను గమనించాలి. వెస్ట్ నైల్ ఎప్పుడు ఏ ఊళ్లో విరుచుకుపడుతుందో ముందుగా చెప్పలేరు. గుర్రాన్ని దోమల చేత కుట్టించి పరీక్షించగలిగారు, మనిషిని అలా పరీక్షించలేరు. 2012లో డల్లాస్ చుట్టుపక్కల ఈ జబ్బు ముదిరి, 1966 తర్వాత మొదటిసారి విమానాలతో దోమల మందు చల్లించాల్సి వచ్చింది. ఆ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగువాళ్లకు అప్పుడు కాపాడుకోవడానికి మిగిలినవి ఒంటికి పూసుకునే క్రీములు, నిండు చేతుల చొక్కాలే.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ వైరస్‌ను ఎక్కువగా మోసేది క్యూలెక్స్ క్వింక్విఫాసియాటస్ దోమ. హైదరాబాద్, విజయవాడ మురుగు కాల్వల్లో పెరిగి బోదకాలు వ్యాపింపజేసేది ఇదే జాతి. వెస్ట్ నైల్ మన దేశానికి కొత్త కాదు. 2011లో కేరళలోని అలప్పుళలో మెదడువాపు రోగుల్లో ఈ వైరస్‌ను గుర్తించారు, 2019లో మలప్పురంలో ఒక బాలుడు దీనితో చనిపోయాడు. దీనికి దగ్గరి చుట్టమైన జపనీస్ మెదడువాపు ఆంధ్ర జిల్లాల్లో ఎంతోమంది పిల్లలను బలి తీసుకుంది. ఆ జబ్బు గుర్రాలకూ వస్తుంది, జపాన్‌లో పందెపు గుర్రాలకు దాని టీకా దశాబ్దాలుగా వేస్తున్నారు.

వెస్ట్ నైల్ టీకాను మెడ పక్క కండలోకి వేస్తారు. తొలిసారి నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏడాదికొకటి, దోమల కాలం మొదలయ్యే ముందు వసంతంలో. ఫ్లోరిడా లాంటి చోట్ల దోమలు ఏడాది పొడుగునా ఉంటాయి కనుక రెండుసార్లు వేయించమంటారు. చూడి గుర్రానికి ఈనే ముందు నాలుగు నుంచి ఆరు వారాల్లో వేస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకు అందుతుంది. తల్లి నుంచి వచ్చిన ఆ యాంటీబాడీలే పిల్లకు వేసే టీకాను కొంతకాలం పనిచేయనివ్వవు. అందుకే టీకా పడిన తల్లికి పుట్టిన పిల్లకు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో మొదలుపెట్టి, నెలా నెలన్నర ఆగి రెండోది, పది పన్నెండు నెలలప్పుడు మూడోది వేస్తారు. ఇప్పటికీ అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గుర్రాలు ఈ జబ్బుతో కూలుతూనే ఉన్నాయి. వాటిలో అత్యధికం అసలు టీకా పడనివి, లేదా ఆ ఏటి బూస్టర్ తప్పిపోయినవి.