ధాత కరువులో ఊగని ఉయ్యాలలు

1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ప్రజలు 9,14,432 మంది. 1881 నాటికి మిగిలినవారు 6,78,551. కడప జిల్లా సంఖ్య 13,51,194 నుంచి 11,21,038కి పడిపోయింది. ఆ రెండు లెక్కల నడుమ వచ్చినది 1876–78 మహాక్షామం. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున పెద్దలు దానిని ధాత కరువన్నారు. ఆకలి, కలరా, మశూచి, వలసలు ఆ నష్టానికి కారణాలని మీరు చదివే ఉంటారు. వైద్యుని కంటికి మరొకటి కూడా కనబడుతుంది. మద్రాసు రాజధాని జనన నమోదుల్లో, కరువు ముదిరిన కొన్ని నెలలకు, పుట్టుకలే బాగా తగ్గిపోయాయి.

1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాని దినకూలిని పౌను ధాన్యం వెలకు, దానిపై ఒక అణాకు కుదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. స్త్రీలకు అంతకన్నా తక్కువే. రాళ్లు మోసే శరీరానికి అది చాలదని రాజధాని శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆయన వాదన ప్రాణాలు నిలుపుకోవడం గురించి. గర్భధారణ సంగతి తెలియడానికి మరో శతాబ్దం పట్టింది.

ఒక గర్భం మోయడానికి స్త్రీకి అదనంగా సుమారు 80,000 కిలోకేలరీలు కావాలని అంచనా. అంత నిల్వ లేనప్పుడు దేహం ఆ పనికి పూనుకోదు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోను ద్వారా నిల్వల సమాచారాన్ని మెదడుకు చేరవేస్తాయి; దీనిని 1994లో కనుగొన్నారు. కొవ్వు కరిగితే లెప్టిన్ తగ్గుతుంది. హైపోథాలమస్ నుంచి విడతలు విడతలుగా వెలువడే సంకేతం మందగిస్తుంది. అండం విడుదల కాదు, నెలసరి ఆగుతుంది. 1944–45 శీతాకాలపు క్షామంలో హాలెండు స్త్రీలకూ ఇదే జరిగింది. తరువాత అక్కడ జననాలు దాదాపు సగానికి తగ్గాయి. అయితే ఇది శాశ్వత వంధ్యత్వం కాదు. తిండి దొరికితే చాలామందికి నెలసరి తిరిగి వస్తుంది. 1891లో కర్నూలు జనాభా మళ్లీ 8,17,811కు చేరింది.

ఇప్పుడు ఆ సమతూకం రెండో వైపునుంచి చెదురుతున్నది. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి తిని చేలో పనిచేసిన ఇళ్లలో నేడు పూటపూటా వరియన్నం, కూర్చుని చేసే కొలువులు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరి పేదయింటికీ చేరింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కాని ఇన్సులిన్ సరిగా పనిచేయని దేహంలో దాని మోతాదు పెరుగుతుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాలచేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. అండాలు సగంలోనే ఎదుగుదల ఆపేస్తాయి. 1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో వర్ణించిన ఈ స్థితినే నేడు పీసీఓఎస్ అంటున్నాము. ఇన్సులిన్‌తో దాని సంబంధం 1980లో గాని బయటపడలేదు. సన్నగా ఉన్నవారికీ ఇది రావచ్చు.

ఇంతటి శరీరధర్మాన్ని మన ఊళ్లలో “గొడ్రాలు” అన్న ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. నాగులకట్ట చుట్టూ ప్రదక్షిణలు చేసేదీ ఆమే, మాటలు పడేదీ ఆమే. మీ ఇంట అటువంటి కోడలుంటే థైరాయిడ్, ప్రొలాక్టిన్, చక్కెర పరీక్షలు చేయించండి. అధిక బరువున్నవారిలో అయిదు నుంచి పది శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. అదే రోజు కొడుకుకు వీర్యపరీక్ష కూడా చేయించండి. అది మరింత సులభం, ఖర్చు తక్కువ.