నూనె డబ్బా - రెండు ఖజానాలు

1942లో ఢిల్లీలోని ఫెడరల్ కోర్టు ముందుకు తెలుగు వర్తకుల వ్యాజ్యమొకటి వచ్చినది. బొడ్డు పైడన్న అండ్ సన్స్ అను సంస్థవారు వేరుసెనగలు ఆడించి నూనెయు, చెక్కయు అమ్మెడివారు. తయారుచేసినవాడే సరకును తొలిసారి అమ్మినపుడు దానిపై వేయు పన్ను పేరునకు అమ్మకపు పన్నైనను, నిజమునకు ఎక్సైజు సుంకమే యనియు, అది కేంద్రమునకు చెందిన హక్కు గనుక మద్రాసు ప్రభుత్వము వసూలు చేయరాదనియు వారి వాదము.

న్యాయస్థానము అంగీకరింపలేదు. సరకు తయారగుట ఒక సంఘటన, అమ్ముడగుట మరియొక సంఘటన. మొదటిది కేంద్రమునకు, రెండవది రాష్ట్రమునకు అని తీర్పు చెప్పినది. 1945లో ప్రీవీ కౌన్సిలు సైతము ఈ మార్గమునే అనుసరించినది. న్యాయశాస్త్ర దృష్టిలో ఇది చక్కని విభజనయే. కాని నూనె డబ్బాకు న్యాయశాస్త్రము తెలియదు గదా! నూరు రూపాయల సరకుపై పది రూపాయలు ఎక్సైజు పడినదనుకొందము. నూటికి పది చొప్పున అమ్మకపు పన్ను నూట పది రూపాయలపై లెక్కించెదరు. ఆ పదకొండు రూపాయలలో ఒక రూపాయి పన్నుమీద పన్ను. చేతులు మారిన కొలదియు ఈ భారము పెరుగుచునే యుండును. చివరకు దానిని మోయునది గృహిణి చేతి సంచియే.

అసలు అమ్మకపు పన్ను పుట్టుక మద్యనిషేధముతో ముడివడియున్నది. 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధము ఆరంభించిన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము, కోల్పోయిన ఆబ్కారీ రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను చట్టము తెచ్చినది. క్రమముగా రాష్ట్రములన్నియు ఈ దారి పట్టినవి. నిజాం రాజ్యములో సరకు రాకపోకలపై కరోడ్‌గిరి సుంకముండెడిది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, మరుసటి ఏడు రెండు ప్రాంతములకు ఒకే అమ్మకపు పన్ను చట్టము వచ్చినది. రాష్ట్రములు దాటు సరకుపై కేంద్ర అమ్మకపు పన్ను ఒక శాతముతో మొదలై 1975 నాటికి నాలుగు శాతమునకు చేరినది.

పన్నుమీద పన్నును తొలగించు యత్నము 1986లో కొన్ని సరకుల ఎక్సైజుతో మొదలైనది. 2005లో రాష్ట్రములు వ్యాట్ చేపట్టినవి. వర్తకుడు కొనుగోలుపై చెల్లించినది అమ్మకముపై చెల్లించవలసిన దానినుండి మినహాయించుకొనవచ్చును. అయినను కేంద్రపు లెక్క వేరు, రాష్ట్రపు లెక్క వేరు. పైడన్నగారి వ్యాజ్యము గీచిన గీత చెరగలేదు.

దానిని చెరిపివేయుటకు రాజ్యాంగమునే మార్చవలసివచ్చినది. 2010లో ఏకపన్ను రాగలదని 2006 బడ్జెటులో ప్రకటించిరి, రాలేదు. రాష్ట్రముల సంకోచమును మొండితనమని కొందరు విమర్శించిరి. నాకు అట్లు తోచదు. స్వయముగా రేటు నిర్ణయించుకొను అధికారమే రాష్ట్రమునకు ఆపత్కాలపు ఆసరా. 1939లో మద్రాసును ఆదుకొన్నదదియే. పైగా కొత్త పన్ను సరకు తయారైన చోటికి గాక, వాడబడిన చోటికి చేరును. యంత్రాగారములు గల రాష్ట్రములు జంకకుండునా?

చివరకు 2016లో 101వ రాజ్యాంగ సవరణ ఆమోదము పొందినది. నిర్ణయములకు ఒక మండలి ఏర్పడినది. అందు కేంద్రపు వోటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రములది మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయమునకైనను నాలుగింట మూడు వంతుల బలము కావలెను. అనగా కేంద్రమును కాదని రాష్ట్రములు గాని, రాష్ట్రములను కాదని కేంద్రము గాని ముందుకు పోజాలవు. రాష్ట్రముల రాబడి ఏటా 14 శాతము పెరుగునట్లు అయిదేండ్లు హామీ లభించినది. 2020లో మహమ్మారి వచ్చి రాబడి పడిపోగా, ఆ హామీ నిలుపుటకు కేంద్రము అప్పు చేయవలసివచ్చినది.

2017 జూలై 1న పన్ను అమలులోనికి వచ్చినది. నాలుగు ప్రధానపు రేట్లను 2025 సెప్టెంబరు 22 నుండి 5, 18 శాతములకు కుదించి, కొలది సరకులకు 40 శాతము నిర్ణయించిరి. వేరుసెనగ నూనెపై ఇపుడు అయిదు శాతము: రాష్ట్రములోపలి అమ్మకమైనచో రెండున్నర కేంద్రమునకు, రెండున్నర రాష్ట్రమునకు, ఒకే బిల్లుపై. పెట్రోలు, డీసెలు మాత్రము ఇంకను వెలుపలనే యున్నవి. బంకులో మనమిచ్చు ధరలో కేంద్రపు ఎక్సైజును, దానిపైన రాష్ట్రపు వ్యాటును నేటికిని వేర్వేరుగనే కలిసియున్నవి.