మెరిక్ దాచుకున్న 50 పౌండ్లు

మాదాపూర్ మిత్రులు కొందరు అడిగారు గనక ఈ భాగం సినిమా మీద. డేవిడ్ లించ్ తీసిన ‘ది ఎలిఫెంట్ మ్యాన్’, 1980. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు, ఒక్క అవార్డూ రాలేదు. జాన్ హర్ట్ అంత మేకప్ కింద కళ్లతో, గొంతుతో ఏడిపిస్తాడు. నన్నూ ఏడిపించాడు. కళ్లు తుడుచుకున్నాక చరిత్ర చదవాలి కదా.

సినిమాలో ఆయన పేరు జాన్ మెరిక్. అసలు పేరు జోసెఫ్. డాక్టర్ ట్రీవ్స్ 1923లో అచ్చయిన జ్ఞాపకాల్లో జాన్ అన్నాడు, లోకం దాన్నే పట్టుకుంది. పట్వారీ లెక్కల్లో మన తాతల పేర్లు ఏమయ్యాయో మీకు నేను చెప్పాలా?

జోసెఫ్ 1862లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే చుట్టల ఫ్యాక్టరీలో పనికి చేరాడు. కుడి చెయ్యి బరువెక్కి పని పోయింది. వీధుల్లో సరుకులు అమ్మబోతే జనం తలుపులు వేసుకున్నారు. 17 ఏళ్లకు వర్క్‌హౌస్ చేరాడు. అంటే గతిలేనివాళ్లకు తిండి పెట్టి, చాకిరీ చేయించి, పేదరికమే నేరమనిపించే సర్కారు కొట్టం. నాలుగేళ్లకు పైగా అక్కడే. 1884లో, ప్రదర్శనల వ్యాపారికి తానే ఉత్తరం రాసి బయటపడ్డాడు. వసూళ్లలో వాటా తీసుకున్నాడు, 50 పౌండ్ల దాకా కూడబెట్టాడు. బెల్జియంలో ఒక మేనేజరు అది దోచుకుపోయాడు, అది వేరే సంగతి.

ఆ ప్రదర్శన గౌరవమైనదని నేననను. కానీ ఈ లెక్క తెలిసిన పనివాడు సినిమాలో కనబడడు. తాగుబోతు యజమాని కొడతాడు, పెద్దమనిషి డాక్టరు కాపాడతాడు, అంతే. 1890లో ఆయన పోయాక, ఆశ్రయమిచ్చిన ఆస్పత్రే అస్థిపంజరాన్ని తన కాలేజీలో దాచుకుంది.

మన దగ్గర నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లి ఉంది. 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ అక్కడ కుష్టు ఆస్పత్రి పెట్టింది, రాజా నర్సాగౌడ్ డబ్బిచ్చాడు. ఊరు వెలేసినవాళ్లకు అది నిజంగా నీడ. ఆమెకు దండం. కానీ కుష్టు ఉన్న బీదవాళ్లను పట్టి బంధించే 1898 చట్టం 2016లో గానీ రద్దు కాలేదు. కుష్టు సాకుతో విడాకులిచ్చే నిబంధన 2019 దాకా నడిచింది. మందు 1980లలోనే వచ్చింది! రోగం అంటు మందుతో పోయింది, చట్టానికి పట్టిన అంటు పోవడానికి మరో 30 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు హైటెక్ సిటీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. ప్రైవేటుకు కోటా లేదు, ఉద్యోగాలిస్తే ప్రోత్సాహకాలిస్తామన్న మాటే ఉంది. మన రిజర్వేషన్ ఆగేదీ ఆ గేటు దగ్గరే. నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరొద్దు, డిసెంబర్ 3న వికలాంగుల దినం అని ఇదే సినిమా వేశారు. సమోసాలు, కన్నీళ్లు. అందరూ డాక్టర్నే మెచ్చుకున్నారు. మన ఉద్యోగుల్లో వికలాంగులు ఎందరు, ఎస్సీలు ఎందరు అని హెచ్ఆర్‌ను అడిగాను.

వచ్చే ఏడు ఇంకో మంచి సినిమా వేస్తామన్నారు.

జై భీమ్.