రుసుము చెల్లించినవారి హక్కు

పురపాలనమును గూర్చి మన యిండ్లలో మాట వచ్చినప్పుడు పన్నుల బరువును గూర్చియే ముచ్చట సాగును. పన్నుకంటె చిన్నదై, పన్నుకంటె తరచుగా మన చేతినుండి జారిపోవు రుసుమును గూర్చి యాలోచించువారు తక్కువ. అంగడి తెరచినందుకు రుసుము, ఇల్లు కట్టినందుకు రుసుము, సంతలో గంప దింపినందుకు రుసుము, కబేళాలో మేకను కోసినందుకు రుసుము. వీని యన్నిటి వెనుకను ఒక వాగ్దానమున్నది. "నీ పనిని మేము వచ్చి చూచెదము, నీవలన నీ పొరుగువానికి హాని కలుగకుండ కనిపెట్టియుందుము, ఆ శ్రమకై నీవింత యియ్యవలెను" అనుటయే యా వాగ్దానము. రుసుము ముట్టిన పిమ్మట వచ్చి చూచుటకు మనుష్యులున్నారా లేరా యన్న ప్రశ్నయే మమ్మీ వ్యాసమునకు పురికొల్పినది.

కొన్నియేండ్ల క్రిందట తీరప్రాంతమున మేమెరిగిన యొక చిన్న పట్టణములో పాఠశాల పిల్లలు నలుగురైదుగురు వీధిలో నమ్మిన చల్లని పానీయమును త్రాగి, వాంతులతో మంచమెక్కిరి. దైవవశమున నందరును కోలుకొనిరి. ఆ పానీయము నమ్మినది భర్తను పోగొట్టుకొన్న యొక పేదరాలు. మేము కోపముతో పోయి యడుగగా నామె పెట్టెలోనుండి రసీదు దీసి చూపి, "అయ్యవారూ, నేను డబ్బు కట్టితిని గదా! ఈ నీళ్లు మంచివో కావో చెప్పుటకు ఒక్కరును రాలేదు. వచ్చి చెప్పియుంటే మానుకొననా?" అనెను. రసీదు నిజమైనదే, ఆమె మాటయు నిజమే. కార్యాలయమున విచారింపగా, ఆ పని చూడవలసిన ఉద్యోగి బదిలీయై చాలకాలమైనదనియు, ఆ చోటు ఖాళీగా నున్నదనియు, పొరుగూరి ఉద్యోగి దానిని గూడ అదనముగా చూచుచున్నాడనియు దెలిసినది. రుసుము వసూలుచేయు గుమాస్తా చోటు మాత్రము ఒక్కదినమైనను ఖాళీగా నుండలేదు.

ఇది యొక్క పట్టణపు దోషమని తీసివేయుటకు వీలులేదు. తనిఖీచేయువానికి జీతమెవరియ్యవలెను, ఆ డబ్బెక్కడినుండి రావలెను అను చిక్కు మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. మైసూరు పండితుడు శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రము చదివినవారికిది తెలియును. అందు నగరమునకు నాగరకుడను నధికారియు, అతని క్రింద నగరములో నాల్గవభాగమునకొక స్థానికుడును, పది, ఇరువది, లేక నలువది కుటుంబములకొక గోపుడును చెప్పబడిరి. నీటిపట్టులను, బాటలను, కోటగోడలను నాగరకుడు ప్రతిదినమును స్వయముగా చూడవలెను. వీధిలో దుమ్ము పోసినవానికి పణములో నెనిమిదవవంతు దండుగ.

రుసుము సంగతియు నందే యున్నది. వర్తకుల తూనికరాళ్లకును కొలపాత్రలకును నాలుగుమాసముల కొకసారి ముద్ర వేయింపవలెను. ముద్రలేని రాతితో తూచినవానికి ఇరువదియేడుంబావు పణముల దండుగ. ముద్రకై వర్తకులు దినమున కొక కాకణి చొప్పున పౌతవాధ్యక్షున కియ్యవలెను. ఇచ్చట రుసుమునకు ఎదురుగా నొక పని యున్నది, ఆ పనికొక గడువున్నది, ఆ పని చేయుటకొక యుద్యోగి యున్నాడు. అయినను కౌటిల్యుడు ఉద్యోగులను నమ్మి యూరకుండలేదు. వారు ధనము నపహరించు నలువది మార్గములను లెక్కించి, ఏ శాఖకును ఒక్కడే శాశ్వతముగ పెద్దయై యుండరాదనియు, పలువురు ముఖ్యులుండి వారు మారుచుండవలెననియు విధించెను. ఆ విధులు యథాతథముగ నెంతవరకు నడచినవో వేరుమాట. ప్రశ్న నాడే పుట్టినదనుటయే మాకు ముఖ్యము.

మన తీరమునకు వత్తము. నెల్లూరునకు ఉత్తరమున నున్న మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున వేయించిన అభయశాసనము చరిత్రజ్ఞులకు సుప్రసిద్ధము. అంతకుముందటి రాజులు గాలివానకు కొట్టుకొనివచ్చి యొడ్డున పగిలిన యోడలలోని సరకునంతయు బలాత్కారముగ గైకొనుచుండిరి. గణపతిదేవు డా దురాచారమును మాని, నిర్ణయింపబడిన శుల్కమును మాత్రమే తీసికొని తక్కినదంతయు వర్తకులకు విడిచిపెట్టుదునని శిలపై చెక్కించెను. 1358లో అనపోతారెడ్డియు నదేరేవున వర్తకుల కట్టి యభయమునే యిచ్చెను. ఈ శాసనములలోని నీతి యేమి? శుల్కమెంతయో ముందుగనే తెలిసియుండవలెను. అది పదిమందియు చదువుకొను చోట వ్రాసియుండవలెను. అంతకుమించి యధికారి చేయి చాపరాదు. రాతిమీద వ్రాసిన రేటు వర్తకునకు రక్షణము, రాజునకు కీర్తి, రేవునకు సంపద.

రుసుమను మాట తరువాతికాలమున పారసీకభాష తెరవున వచ్చి, మన పల్లెలలో వేరూనినది. గ్రామోద్యోగులు జీతమునకు బదులుగా రైతులవద్ద మేరలను, రుసుములను గైకొనుచుండిరి. చూచువాడు చూడబడువాని చేతికూటిపై నాధారపడిన పద్ధతి యిది. 1864లో మద్రాసు ప్రభుత్వము చట్టముచేసి, శిస్తుపైని ప్రత్యేకముగ గ్రామసెస్సు విధించి, ఆ మొత్తమునుండి గ్రామోద్యోగులకు జీతములిచ్చు నేర్పాటు చేసెను. పాతపద్ధతిలోని కీడెట్టిదో యింగ్లండు చరిత్రలో స్పష్టముగ కనబడును. 1773లో జాన్ హోవర్డను నాతడు బెడ్‌ఫర్డు మండలపు షెరీఫై చెరసాలను చూడబోగా, జైలరునకు జీతము లేదనియు, ఖైదీలిచ్చు రుసుములే వాని జీవనమనియు తెలిసెను. న్యాయస్థానములో నిర్దోషియని తేలినవాడును ఆ రుసుము చెల్లింపలేక చెరలోనే మ్రగ్గుచుండెను. హోవర్డు చేసిన యాందోళనముచేత 1774లో పార్లమెంటు ఆ రుసుములను తొలగించెను. ఉద్యోగి పొట్ట రుసుముతో ముడిపడినప్పుడు న్యాయముకంటె వసూలే వానికి ప్రధానమగునని యీ కథ చాటుచున్నది.

మన జిల్లాలో పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున దీనికి విరుద్ధమైన కీడును ఉండెను. బాటలపై చౌకీలుపెట్టి సరకులమీద వసూలుచేసిన సాయరు సుంకములును, చేతిపనివారిమీదను మగ్గములమీదను విధించిన మొతర్ఫాయు అట్టివి. డబ్బు సర్కారు ఖజానాకే చేరెను గాని, ఇచ్చిన సాలెవానికి దానివలన నొక మేలైనను లేదు. సాయరు 1844లో పోయినది. మొతర్ఫా 1861 ప్రాంతమున పోయినది. ఇట్లు రెండు దోషములను మనము గుర్తింపవచ్చును. మొదటిది, రుసుము ఉద్యోగి జేబులోనికి పోవుట. రెండవది, రుసుము ఖజానాలోనికి పోయి, పని జరుగకుండుట. సంస్కర్తల పోరాటమంతయు మొదటిదానితో జరిగినది. 1874లో వీరేశలింగంపంతులుగారు వెలువరించిన వివేకవర్ధని లంచగొండి యుద్యోగులను నిర్భయముగ విమర్శించెను. రెండవ దోషమునకు అంతటి విరోధి యింకను పుట్టలేదు. ఏలయన నిందుకు నిందింపదగిన మనిషి కంటికి కనబడడు.

నెల్లూరు పురపాలకసంఘము 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టము ననుసరించి 1866లో ఏర్పడెను. అప్పటి సంఘములు కలెక్టరు పెత్తనమున, సర్కారు నియమించిన కమీషనర్లతో నడచెను. పట్టణపు పోలీసుల ఖర్చును గూడ ఈ సంఘములే మోయవలసివచ్చుటచే, పేరునకు పట్టణాభివృద్ధియైనను పారిశుద్ధ్యమునకు మిగిలిన దల్పము. 1871 నాటి చట్టము పోలీసుభారమును తగ్గించి, విద్యను, వైద్యమును ముందునకు దెచ్చెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానికస్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానమునకు ఫలముగా 1884 నాటి చట్టమువలన ఎన్నికైన సభ్యులకు ప్రాధాన్యము హెచ్చెను. 1920 నాటి చట్టములో ఏయే వ్యాపారములకు లైసెన్సు కావలెనో పట్టికలుగా చేర్చబడినవి. అంతకు రెండేండ్లముందు, 1918లో, ఆహారపు కల్తీని నివారించు చట్టమును, 1939లో ప్రజారోగ్యచట్టమును మద్రాసు రాజధానిలో వచ్చినవి.

చట్టములకు కొదవలేదు; మనుష్యుల నియామకమునందే పేచీ. సంఘాధ్యక్షునిచేతిలో ఉద్యోగమిచ్చు నధికారమున్నంతకాలము బంధుప్రీతియు కక్షలును చొరబడుచున్నవని విమర్శ బయలుదేరెను. అందుచే 1930 తరువాతి సవరణలలో కార్యనిర్వహణము సర్కారు పంపిన కమీషనర్ల చేతికి మారుచువచ్చెను. పక్షపాతము తగ్గెనేమో గాని వేరొక చిక్కు పుట్టెను. రుసుము వసూలుచేయునది పట్టణము. ఉద్యోగిని పంపవలసినది దూరముననున్న శాఖ. పట్టణము కోరినను మనిషి రాడు. మనిషి రాకున్నను రుసుము ఆగదు. 1993లో అమలునకు వచ్చిన డెబ్బదినాల్గవ రాజ్యాంగసవరణము పదునెనిమిది విషయములను పురపాలకసంఘములకు అప్పగింపదగినవిగా పేర్కొన్నది. 2004లో నెల్లూరు నగరపాలకసంస్థ యయ్యెను. ఈ మార్పులేవియు పైచిక్కును విప్పలేదు.

న్యాయస్థానము లేమనినవి? 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు పన్నునకును రుసుమునకును గల భేదమును వివరించెను. పన్ను సర్వజనప్రయోజనమునకై, ప్రత్యేకమైన ప్రతిఫలము లేకయే తీసికొనబడునది. రుసుము ఒక విశేషమైన సేవకు ఎదురుగా తీసికొనబడునది. మఠములనుండి మద్రాసు ప్రభుత్వము గైకొనిన చందా సేవతో సంబంధము లేనిదగుటచే అది పన్నేయని తీర్పు వచ్చెను. పిమ్మట 1999లో హైదరాబాదు, సికింద్రాబాదు హోటలు యజమానుల సంఘము లైసెన్సు రుసుమును హెచ్చించినందుకు హైదరాబాదు నగరపాలకసంస్థపై నడపిన వ్యాజ్యములో, సేవకై తీసికొను రుసుము వేరు, నియంత్రణకై తీసికొను రుసుము వేరు అనియు, రెండవదానికి ప్రత్యేకసేవ చూపనక్కరలేదనియు, అయితే అది మితిమీరరాదనియు నదే న్యాయస్థానము చెప్పెను.

ఈ తీర్పును మేము శిరసావహించెదము. హోటలు యజమాని "నాకేమి మేలు చేసితివి?" అని నగరము నడుగజాలడు, ఏలయన నియంత్రణము వానికొఱకు కాదు, వాని హోటలులో భుజించువారి కొఱకు. కాని నియంత్రణమే జరుగనప్పుడు? అప్పుడడుగవలసినవాడు యజమాని కాడు, భుజించినవాడు. తనిఖీ రుసుమునకు నిజమైన ఋణదాతలు రసీదు చేతబట్టినవారు కారు. ఆ పానీయమును త్రాగి మంచమెక్కిన పిల్లలు. వారిచేత రసీదులేదు గనుక వారి హక్కును అడుగువారు లేరు.

నేటి స్థితిలో పని యింకను చీలిపోయినది. 2006లో చేయబడి 2011లో అమలునకు వచ్చిన ఆహారభద్రతాచట్టము ఆహారపరీక్షను వేరుశాఖకు చేర్చెను. చిన్నవ్యాపారికి సంవత్సరమునకు నూరురూపాయల నమోదు రుసుమును అప్పటి నిబంధనలు విధించినవి. పట్టణమునకియ్యవలసిన వ్యాపారపు లైసెన్సు రుసుము దీనికి వేరు. రెండు రసీదులు, రెండు కార్యాలయములు. అపాయము వచ్చినప్పుడు ఒకరినొకరు చూపుట మిక్కిలి సులభము. 2019లో ఆంధ్రప్రదేశమున సుమారు 4,000 జనాభాకొకటి చొప్పున వార్డు సచివాలయములు ఏర్పడి, పారిశుద్ధ్యమునకు, భవనముల యదుపునకు వేర్వేరు కార్యదర్శులు నియమింపబడిరి. ఉద్యోగిని ప్రజల వాకిటికి దెచ్చిన యీ యూహ కౌటిల్యుని గోపుని తలపించును. అయినను ఉద్యోగి దగ్గరనుండుట వేరు, అతడు చూచినదేమో మనకు దెలియుట వేరు.

కావున మేము కోరునది క్రొత్తచట్టము కాదు. ప్రతి పురపాలక కార్యాలయపు ముంగిట నొక పలక వ్రేలాడదీయవలెను. అందు నాలుగు లెక్కలుండవలెను: ఈ సంవత్సరము ఏ రుసుముక్రింద ఎంత వచ్చినది; ఆ పనికి మంజూరైన చోట్లెన్ని; వానిలో మనుష్యులున్న చోట్లెన్ని; వారు చేసిన తనిఖీలెన్ని. ఇట్టి సంగతులను అడుగకమునుపే ప్రకటింపవలెనని 2005 నాటి సమాచారహక్కు చట్టపు నాల్గవ విభాగమే చెప్పుచున్నది. అంతియగాక, తనిఖీ రుసుముగా వచ్చిన ధనములో కొంతభాగమైనను తనిఖీ చేయువారి నియామకమునకే వినియోగపడవలెను. ఉద్యోగి జీతమును వాని వసూలుతో ముడిపెట్టరాదు. అది బెడ్‌ఫర్డు జైలరు మార్గము. ముడిపెట్టవలసినది శాఖకు వచ్చిన ధనమును, శాఖలోని మనుష్యుల సంఖ్యను.

ఇందులకు ఖర్చగునని కొందరనవచ్చును. ఖర్చు నిజమే. కాని మనిషిని నియమింపజాలని పట్టణము, ఆ రుసుమును పన్నని పిలిచి తీసికొనుట నిజాయితీ. పేరు రుసుమై, నడత మొతర్ఫాయైనచో, మన తాతలు పోగొట్టుకొన్న దోషమును మనము మారుపేరుతో తెచ్చుకొన్నవారమగుదుము.

మేము పిమ్మట ఆ పేదరాలితో కలిసి ఆమె నీళ్లకుండను చూచితిమి. అది మూతలేని కుండ, ప్రక్కనే మురుగుకాలువ. ఆ సంగతి చెప్పుటకు మాకు పట్టినది పావుగంట. ఆమె మరునాడే మూతపెట్టి, నీరు కాచి చల్లార్చుట మొదలుపెట్టెను. ఆమె రుసుముచెల్లించి కోరినది ఆ పావుగంటనే. మన పట్టణములందు రసీదు వ్రాయు చేతులకు కొదవలేదు. కుండమూత యెత్తిచూచు కన్నులు కావలెను. వానిని అడిగి తెచ్చుకొను బాధ్యత, ఇల్లాండ్రతోడను పిల్లలతోడను కూడిన మన యిండ్లదే.