వర్చువల్ మెషీన్ లోపల ఈఎస్ఎక్స్ఐ షెల్

వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐలోని కమాండ్ లైన్ పేరు ఈఎస్ఎక్స్ఐ షెల్. ఈఎస్ఎక్స్ఐని సాధారణంగా సర్వర్ మీద నేరుగా ఇన్‌స్టాల్ చేస్తారు. దాన్ని ఒక వర్చువల్ మెషీన్ (వీఎం) లోపల నడిపితే ‘నెస్టెడ్ ఈఎస్ఎక్స్ఐ’ అంటారు. విద్యార్థులకూ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకూ ఇది చవకైన ప్రయోగశాల.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఐబీఎం 1972లో ప్రకటించిన వీఎం/370 ఆపరేటింగ్ సిస్టమ్ లోపల మరో వీఎం/370ని నడిపి, కొత్త వెర్షన్లను పరీక్షించేవారు. దీనికి సిద్ధాంత రూపం 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల పత్రంలో వచ్చింది. అయితే పీసీల్లో వాడే ఎక్స్86 ప్రాసెసర్లు వర్చువలైజేషన్‌కు వారు చెప్పిన షరతులకు లొంగలేదు. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ చిప్‌లలోనే వర్చువలైజేషన్ సదుపాయం చేర్చాయి. 2010లో ఐబీఎం పరిశోధకుల ‘టర్టిల్స్’ ప్రాజెక్టు, సాధారణ పనుల్లో నెస్టెడ్ వేగం ఒకే అంచె వర్చువలైజేషన్‌కు 6–8 శాతం దూరంలోనే ఉండగలదని చూపింది.

షెల్ కథ వేరే దారిలో నడిచింది. ఈఎస్ఎక్స్ఐకి ముందున్న 2001 నాటి ఈఎస్ఎక్స్‌లో లినక్స్ ఆధారిత సర్వీస్ కన్సోల్ ఉండేది. 2007లో వచ్చిన ఈఎస్ఎక్స్ఐ 3.5 దాన్ని పూర్తిగా తీసేసింది. హైపర్‌వైజర్ పరిమాణం సుమారు 32 మెగాబైట్లకు తగ్గింది, దాడికి దొరికే కోడూ తగ్గింది. అడ్మినిస్ట్రేటర్లకు మాత్రం చేతులు కట్టేసినట్టయింది.

కానీ ఒక దొడ్డిదారి మిగిలింది. కన్సోల్ దగ్గర ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కి ‘అన్‌సపోర్టెడ్’ అనే ఇంగ్లిష్ మాట టైప్ చేయాల్సి వచ్చేది. అక్షరాలు తెరపై కనిపించేవి కావు. ఎంటర్ నొక్కితే రూట్ పాస్‌వర్డ్ అడిగేది. ఆ దారికి టెక్ సపోర్ట్ మోడ్ అని పేరు. 2010లో 4.1 వెర్షన్ దానికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. 2011లో 5.0 వెర్షన్ వచ్చాక ఈఎస్ఎక్స్ఐ షెల్ అనే పేరు స్థిరపడింది.

ఇప్పుడు కన్సోల్‌లో ఎఫ్2 నొక్కి, లాగిన్ అయి, ట్రబుల్‌షూటింగ్ ఆప్షన్స్‌లో షెల్‌ను ఆన్ చేయాలి. తర్వాత ఆల్ట్ ఎఫ్1తో లోపలికి, ఆల్ట్ ఎఫ్2తో తిరిగి మెనూకు. నెస్టెడ్ మెషీన్‌లో చిక్కు ఇక్కడే: ఆ కీలను పై అంచెలోని కంప్యూటరే పట్టేసుకోవచ్చు. అందుకే చాలామంది అదే మెనూలో ఎస్ఎస్‌హెచ్‌ను ఆన్ చేసి, నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అవుతారు.

నెస్టెడ్ హోస్టుకు ముందుగా ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని అందించాలి. 5.0లో ఈ సెట్టింగ్ మొత్తం హోస్టుకు వర్తించేది, 5.1 నుంచి ఒక్కో వీఎంకు విడిగా పెట్టుకోవచ్చు. లోపలి వీఎంలకు నెట్‌వర్క్ అందాలంటే బయటి పోర్ట్ గ్రూప్‌లో, అక్కడి ట్రాఫిక్ అంతా చూడనిచ్చే ప్రామిస్క్యూస్ మోడ్ పెట్టాల్సివచ్చేది. 2018లో వచ్చిన 6.7 వెర్షన్‌లో, ఏ మ్యాక్ అడ్రస్ ఎక్కడుందో స్విచ్చే గుర్తుపెట్టుకునే మ్యాక్ లెర్నింగ్ ఆ అవసరాన్ని తగ్గించింది.

షెల్ తెరిచి ఉంచడం ప్రమాదకరం. 2023 ఫిబ్రవరిలో ‘ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్’ రాన్సమ్‌వేర్ షెల్ స్క్రిప్టు సాయంతోనే వీఎం ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసింది. 8.0 వెర్షన్ నుంచి, అధికారిక ప్యాకేజీలతో ఇన్‌స్టాల్ కాని ప్రోగ్రాములను నడవనివ్వని రక్షణ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటోంది. నెస్టెడ్ ఈఎస్ఎక్స్ఐ నేర్చుకోవడానికీ పరీక్షించడానికీ ఎంతో అనువైనదే. అసలు పనిభారం నడిపే ప్రొడక్షన్ సర్వర్‌గా వాడటానికి మాత్రం వీఎంవేర్ మద్దతు లేదు.