మాస్కోలో మన మాస్టారు

ఏటా సెప్టెంబరు 5న బడిలో మనం దండ వేసే పటంలోని సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు గురువుగా అందరికీ తెలుసు. రాయబారిగా తెలిసింది తక్కువ. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లిది. 1931-36 మధ్య ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్.

1949లో నెహ్రూ ఆయన్ను మాస్కో పంపినప్పుడు, వేదాంతం చెప్పే పంతులుగారికి కమ్యూనిస్టుల దగ్గర ఏం పని అన్నవారున్నారు. అంతకుముందు రాయబారి విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే దొరకలేదు. ఈయనను మాత్రం 1950 జనవరిలో పిలిచి మాట్లాడారు. 1952 ఏప్రిల్‌లో వీడ్కోలుకూ పిలిచారు. రాయబారిగా ఉంటూనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి వదల్లేదు. ఆ మే నెలలో ఉపరాష్ట్రపతి అయ్యారు.

ఎదుటివారి మాట వినడం, మన మాట జంకకుండా చెప్పడం తరగతి గదిలో అబ్బే విద్యలే. మార్టూరులో మన గురువులు మనకు నేర్పిందీ అవే.