టెలికాం వేగాల కొలమానాలు: కరెంటు నుంచి కాంతికి, కర్నూలు నుంచి కడపకు

ఫోన్లో మాట్లాడే మాట రాగితీగలో విద్యుత్ సంకేతంగా, గాజుపోగులో కాంతి సంకేతంగా ప్రయాణిస్తుంది. ఒకటి మరొకటిగా మారే చోట సెకనుకు ఎన్ని బిట్లు దాటుతున్నాయో చెప్పడానికి ఇ-1, ఎస్‌టీఎం-1, ఓసీ-3 వంటి కొలమానాలు ఏర్పడ్డాయి. పేర్లు వేరైనా వీటన్నిటి పుట్టుక ఒక్కచోటే ఉంది: మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలవడం.

రాగితీగ లెక్క

గొంతును అంకెలుగా మార్చి పంపే పద్ధతిని అలెక్ రీవ్స్ 1937లో ఊహించాడు. ఒక్కో కొలతకు 8 బిట్లు పెడితే ఒక ఫోన్ కాల్‌కు సెకనుకు 64 వేల బిట్లు అవుతాయి. అమెరికాలో 1962లో ఇలాంటి 24 కాల్స్‌ను ఒకే తీగలో కూర్చి 1.544 మెగాబిట్ల టీ-1ను వాడుకలోకి తెచ్చారు. యూరప్ 32 గడులు తీసుకుని, 30 మాటలకు, రెండు సమన్వయానికి, సంకేతాలకు కేటాయించింది. ఆ 2.048 మెగాబిట్ల ఇ-1నే భారతదేశం ఎంచుకుంది. ఎక్స్ఛేంజీలలో దాన్ని ‘టూ ఎంబీ’ అనే పిలిచేవారు.

నాలుగు ఇ-1లను కలిపితే 8.192 రావాలి. వచ్చేది 8.448. ఒక్కో ఎక్స్ఛేంజ్ గడియారం వెంట్రుకవాసి తేడాతో నడుస్తుంది కాబట్టి ఆ తేడాను సర్దడానికి అదనపు బిట్లు చేర్చాలి. ఆ పైమెట్లు 34.368, 139.264 కూడా అంతే. ఈ వ్యవస్థకున్న అసలు కష్టం మధ్య ఊళ్లది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వెళ్లే దారి లాంటి చోట, ఆళ్లగడ్డలో ఒక్క ఇ-1 దించాలన్నా 139 మెగాబిట్ల మూటను మెట్టుమెట్టుగా విప్పి, మళ్లీ అన్ని మెట్లూ కట్టాలి. చిన్న ఊరికి పెద్ద ఊరికి సమానమైన పరికరాలు పెట్టాల్సి వచ్చే లెక్క ఇది.

ఒకే అంకె, రెండు రూపాలు

గాజుపోగులో సమాచారం పంపవచ్చని చార్లెస్ కావ్ 1966లో చూపాడు. భారతదేశంలో ఎక్స్ఛేంజీల మధ్య తొలి ఫైబర్ లైను 1979లో పుణెలో పనిచేయడం మొదలుపెట్టింది. 1988లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందిన ఎస్‌డీహెచ్ పద్ధతి గడియారాలన్నిటినీ ఒక్క లయలోకి తెచ్చింది. దాని తొలి మెట్టు ఎస్‌టీఎం-1: అడ్డంగా 270, నిలువుగా 9 బైట్లున్న చట్రాన్ని సెకనుకు 8,000 సార్లు పంపితే సరిగ్గా 155.52 మెగాబిట్లు. అందులోంచి ఏ ఇ-1నైనా నేరుగా తీసుకోవచ్చు. పాత 139 మెగాబిట్లలో 64 ఇ-1లు పట్టేవి. ఎస్‌టీఎం-1లో విడిగా తీసుకునేలా అమర్చితే 63 మాత్రమే పడతాయి. ఒకటి పోయినా, మధ్య ఊళ్లకు దక్కిన సౌలభ్యం ముందు ఆ నష్టం లెక్కలోకి రాదు.

అమెరికా పద్ధతిలో విద్యుత్ రూపానికి ఎస్‌టీఎస్ అనీ, కాంతి రూపానికి ఓసీ అనీ వేరు పేర్లున్నాయి. ఎస్‌టీఎస్-3, ఓసీ-3, ఎస్‌టీఎం-1 మూడింటి వేగమూ 155.52 మెగాబిట్లే. కాబట్టి కరెంటు నుంచి కాంతికి మారేటప్పుడు గుణించాల్సిందీ భాగించాల్సిందీ ఏమీ లేదు. మారేది సంకేతం తీరు. రాగి కేబుల్‌లో ఒక్కో బిట్‌ను రెండు స్పందనలుగా పంపుతారు. అందువల్ల తీగ మీద సెకనుకు 31.1 కోట్ల స్పందనలు కనిపిస్తాయి, బిట్లు మాత్రం అందులో సగమే. ఫైబర్‌లో దీపం వెలగడం, ఆరడం చాలు. ఈ తేడా తెలియక వేగం రెట్టింపైందని పొరబడడానికి ఆస్కారం ఉంది.

200 కిలోమీటర్ల దారి

కర్నూలు, కడపల మధ్య రోడ్డు దూరం సుమారు 200 కిలోమీటర్లు. మంచి ఫైబర్ 1550 నానోమీటర్ల కాంతిని కిలోమీటరుకు దాదాపు 0.2 డెసిబెల్ చొప్పున మింగుతుంది. అంటే ఇక్కడ బయల్దేరిన కాంతిలో పదివేల వంతు మాత్రమే అక్కడికి చేరుతుంది; అతుకుల నష్టం దీనికి అదనం. ఒక మిల్లీవాట్‌తో, అంటే సున్నా డీబీఎంతో మొదలైతే చివర మిగిలేది మైనస్ 40 డీబీఎం. 2.5 గిగాబిట్ల ఎస్‌టీఎం-16 రిసీవర్‌కు కనీసం మైనస్ 28 అయినా కావాలి. అందుకే దారి మధ్యలో కాంతిని కరెంటుగా మార్చి, సరిచేసి, మళ్లీ కాంతిగా పంపే కేంద్రాలు ఉండేవి. 1987లో కనుగొన్న ఎర్బియం యాంప్లిఫయర్ కాంతిని కాంతిగానే పెంచడంతో చాలా చోట్ల ఆ మార్పిడి అవసరం తప్పింది.

ఫైబర్‌ను పాతడానికి సాధారణ లోతు 1.65 మీటర్లు. నాపరాళ్ల కడప నేలలో, ఎండకు నెర్రెలిచ్చే నంద్యాల నల్లరేగడిలో అంత కందకం తవ్వడం ఖర్చుతో కూడిన పని. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ అందుకే కరెంటు స్తంభాలనే ఎంచుకుంది. గాజులో కరెంటు పారదు, హైటెన్షన్ తీగల ప్రభావం కాంతిమీద పడదు. అలా 23 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్‌ను స్తంభాల మీదుగా లాగారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని జాతికి అంకితం చేశారు. ఇంటర్నెట్, ఫోన్, టీవీ మూడూ కలిపి నెలకు 149 రూపాయలనే అప్పటి ధర పల్లెలను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినదే.

ఇంట్లో బిగించే ఓఎన్‌టీ బాక్సు పనే మార్పిడి: వచ్చిన కాంతిని రూటర్‌కు కరెంటుగా, ఇంటి నుంచి వెళ్లేదాన్ని కాంతిగా మార్చడం. ఒకే ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో 1490 నానోమీటర్ల కాంతి ఇంటికి సెకనుకు 2.48832 గిగాబిట్లు మోసుకొస్తుంది. ఇది అక్షరాలా ఎస్‌టీఎం-16 వేగమే, చట్రం కూడా సెకనుకు 8,000 సార్లే. ఒక ఫైబర్‌ను 16 ఇళ్లకు పంచితే ఒక్కో ఇంటి వంతు 155.52 మెగాబిట్లు, ఒకప్పుడు 1,890 కాల్స్‌ను మోసిన ఎస్‌టీఎం-1 అంత. దీని తర్వాత 2016లో వచ్చిన ఎక్స్‌జీఎస్-పాన్ ప్రమాణం రెండు వైపులా 9.95328 గిగాబిట్ల వేగంతో నడుస్తుంది. అది ఎస్‌టీఎం-64 అంకె. ఈథర్‌నెట్ మాత్రం 10, 100, 1000 అంటూ పదింతల మెట్లెక్కి ఈ వంశానికి దూరంగా పెరిగింది. అందుకే నేటి ఓఎన్‌టీలో కాంతి వైపు ఒక లెక్క, రూటర్ తీగ వైపు వేరొక లెక్క నడుస్తున్నాయి.